గంప కింది పొయ్యి

నాకు అన్యాయం చేసినవాళ్ళెవరో చెప్పమంటే ఇప్పటికిప్పుడు వరసగా చెప్పగలను. పట్టాలంలో నా లీవు కోసేసి తనకు కావలసినవాడికి ఇచ్చుకున్న సుబేదారు దగ్గర నుంచి, మొన్న బస్సులో నా సీటు మీద తువ్వాలు పరిచి కూర్చున్న పెద్దమనిషి దాకా. ఒక్కటీ మర్చిపోలేదు. మర్చిపోవడం మంచితనమని మా చర్చిలో అయ్యగారు చెబుతుంటారు. నన్నడిగితే అది బద్ధకం.

కానీ నేను చేసిన అన్యాయం కూడా ఒకటుంది. ఇన్నేళ్ళుగా అది మెడ మీద బస్తాలాగా ఉంది. దించే చోటు దొరకలేదు. దొరకలేదా, వెతకలేదా? వెతకలేదు. నా భార్యకు చెప్పలేదు. ప్రభువుకు చెప్పాను గానీ, ఆయనకు ముందే తెలుసు. ముందే తెలిసినవాడికి చెప్పడం చెప్పడం కిందకు రాదు. మీరెవరో నాకు తెలియదు, మీకు నేను తెలియను. అందుకే మీకు చెబుతున్నాను.

మాది మైపాడు వైపు ఊరు. సముద్రపు హోరు వినపడుతుంది, కనపడదు. మా వీధిలో పట్టాలానికి వెళ్ళి వచ్చినవాళ్ళం ఇద్దరమే, నేనూ, మా ఎదురింటి దేవదానమూ. నేను పూర్తి సర్వీసు చేసి హవల్దారుగా పింఛనుతో వచ్చాను. దేవదానం మధ్యలోనే వచ్చేశాడు. తల్లికి పక్షవాతం, చూసే దిక్కు లేదు. అలా మధ్యలో వచ్చినవాళ్ళకు పింఛను ఉండదు. ఆయన దాని గురించి ఎప్పుడూ గొణిగేవాడు కాదు. నవ్వుతూ తిరిగేవాడు. నాకు అది కూడా నచ్చేది కాదు.

మాజీ సైనికులకు ప్రభుత్వం భూమి ఇస్తుందని తెలిసి నేను అర్జీ పెట్టుకున్నాను. అయితే కుటుంబం ఆదాయం ఒక హద్దు దాటకూడదు. ఈ హద్దు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే జరిగినదంతా దాని చుట్టూనే జరిగింది. ఆఫీసువాళ్ళ దృష్టిలో రేషను కార్డులో పేరున్నవాళ్ళంతా ఒక కుటుంబం. కొడుకు సంపాదన తల్లిదండ్రుల సంపాదనే. కొడుకు ఒక గింజ కూడా పెట్టకపోయినా సరే. మా వైపు లెక్క వేరు. మాకు పొయ్యే కుటుంబం. ఒకే కప్పు కింద ఉన్నా పొయ్యి వేరైతే కాపురం వేరు. ఇప్పుడు గ్యాసు బండలు వచ్చినా మాట మాత్రం పొయ్యే. విచారణకు వచ్చేవాళ్ళూ ఇక్కడివాళ్ళే కాబట్టి వాళ్ళకూ ఇది తెలుసు. అందుకని ఇంటికి వచ్చి, ఇరుగుపొరుగులో ఒక పెద్దమనిషిని నిలబెట్టి అడుగుతారు. ఒక పొయ్యా, రెండు పొయ్యిలా? రెండు అని ఆయన చెబితే కొడుకు జీతాన్ని పక్కన పెట్టి రాస్తారు. ఒకటే అంటే కలిపి రాస్తారు. మనిషి అర్హత పక్కింటివాడి నోట్లో ఉంటుందన్నమాట.

మా అబ్బాయి బస్సు కండక్టరు. వాడి జీతం కలిస్తే నేను హద్దు దాటతాను. కలవకపోతే దాటను. మంచులో కాళ్ళు మొద్దుబారేలా నిలబడ్డవాణ్ణి, ఆ నేల నాకు రావాలి. ఈ మాట ఇప్పటికీ అంటాను. కాబట్టి విచారణకు ముందు రోజు పెరట్లో ఇటుకలు పేర్చి, మట్టి మెత్తి, పొయ్యి ఒకటి వేశాను. పక్కన నాలుగు కట్టెలు పెట్టాను. ఒక పాత కుండ కూడా.

వి.ఆర్.ఓ. వచ్చాడు. సాక్ష్యానికి దేవదానాన్ని పిలిచాడు. అబద్ధమాడమని దేవదానానికి నేను చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకున్నాను. ఒకే దేశానికి కాపలా కాసినవాళ్ళం, ఆ మాత్రం అర్థం చేసుకోడా? ఆయన పొయ్యి దగ్గరకు వెళ్ళి, వంగి, వేలితో నొక్కాడు.

"ఇదేం పొయ్యి సార్! ఇంకా తడారలా. వేలు పెడితే దిగబడతా ఉండాది. అన్న కొడుకు నిన్న సాయంత్రమే వేరుపడినట్టుండాడు."

వి.ఆర్.ఓ. నవ్వాడు. గోడ మీద నుంచి చూస్తున్న ఆడవాళ్ళు నవ్వారు. తలుపు చాటున నా భార్య కూడా నవ్వింది, నేను విన్నాను. దేవదానం నా భుజం మీద చెయ్యి వేసి, "ఏందన్నా, నాతో ఒక్క మాట చెప్పుంటే కాస్త మసి అన్నా పూసుండేవాళ్ళం గదా!" అన్నాడు.

భూమి పోయింది. పేరు వచ్చింది. ఆ రోజు నుంచి నేను ఊళ్ళో తడిపొయ్యి హవల్దారుని. ఎదురుగా ఎవరూ అనరు. వెనకనుంచి అంటారు.

దేవదానం చెప్పింది నిజం. ఆ సంగతి నాకు తెలుసు. నిజం చెప్పినవాడి మీద కోపం పెట్టుకోవడం న్యాయమా అని మీరడుగుతారు. నన్ను నేనూ అడిగాను. నిజం చెప్పడం వేరు, దానికి నవ్వు జోడించడం వేరు. ఆ నవ్వు అవసరం లేదు. కొన్నేళ్ళకు ఆయన గుండెపోటుతో పోయినప్పుడు పెట్టె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. సమాధుల దాకా భుజం మార్చుకోకుండా మోశాను. కోపం మాత్రం దించలేదు.

ఆయన భార్య సువార్తమ్మ. నన్ను అన్నా అని పిలిచేది. కొడుకు ప్రభాకర్ రొయ్యపిల్లల హేచరీలో సూపర్‌వైజరు. మంచి జీతం, మోటారు సైకిలు. తండ్రి పోయిన ఏడాది తిరక్కముందే ఆ ఇంట్లో ఏదో మాట పట్టింపు వచ్చింది. ఏమిటో ఇప్పటికీ తెలియదు. సువార్తమ్మ ఇంటి పక్క పంచలోకి వచ్చేసింది. అక్కడే మంచం, అక్కడే మట్టిపొయ్యి. పొద్దున్నే మా అరుగు మీద కూర్చుంటే ఆ ఇంట్లోంచి రెండు పొగలు లేవడం కనపడేది. ఒకటి చిన్నది.

ఆమెకు సిగ్గు ఆ పొయ్యి. కొడుకు తల్లిని వేరు పెట్టాడని పరాయివాళ్ళకు తెలియకూడదు. ఎవరైనా గుమ్మంలోకి వస్తున్నారంటే దాని మీద కోళ్ళ గంప బోర్లించేది. కోడలి పుట్టింటివాళ్ళు వస్తే గంప. నెల్లూరు నుంచి చుట్టాలు వస్తే గంప. ఒకసారి అయ్యగారు ప్రార్థనకు వచ్చినప్పుడు నిప్పు ఆరకముందే బోర్లించినట్టుంది. అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు, గంప సందుల్లోంచి పొగ లేస్తోంది. అందరం దగ్గుతున్నాం. ఎవరమూ అటు చూడలేదు. ఆమేన్ అన్నాక అయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు. ప్రార్థనలో కన్నీళ్ళు వచ్చాయని సువార్తమ్మ నాలుగు ఇళ్ళలో చెప్పుకుంది.

అప్పటికి ఆమెకు ఆధారమేమీ లేదు. పక్కవాళ్ళకు పిండి దంచిపెట్టి, మెత్తళ్ళ చేపలు ఎండబెట్టి బతికేది. పింఛను రాని మాజీ సైనికులకు, వాళ్ళు పోతే భార్యలకు, నెలనెలా కొంత సాయం ఇస్తారని ఆమెకు చెప్పింది నేనే. జిల్లా ఆఫీసుకు వెంటబెట్టుకుని వెళ్ళింది నేనే. అప్పుడు నా మనసులో చెడు లేదు. ఇది మీరు నమ్మాలి. నమ్మకపోయినా ఇది నిజం. ఆ సాయానికీ ఆదాయం హద్దు ఉంది. ప్రభాకర్ జీతం కలిస్తే ఆమెకు రాదు. కార్డు విడగొట్టించుకోమని చెప్పాను. కొడుకు ఒప్పుకోవాలి, ఒప్పుకోడు, ఊరికి తెలుస్తుందని. ఇక మిగిలింది పొయ్యి. విచారణలో రెండు పొయ్యిలని తేలితే చాలు.

విచారణ రోజు కొత్త వి.ఆర్.ఓ. వచ్చాడు. నెమ్మదైన మనిషి. ప్రభాకర్ మోటారు సైకిలు మీద ఒక కాలు కిందపెట్టి ఫోను చూసుకుంటున్నాడు. కోడలు గడపలో నిలబడింది. వీధిలో సగంమంది వచ్చారు. పంచలో పొయ్యి మీద గంప ఉంది. కట్టెలు మంచం కిందకు తోసేసి ఉన్నాయి. నాకు అది చూడగానే చిరాకేసింది. ఈ ఒక్క రోజైనా తీసి ఉంచకూడదా?

"ఏమ్మా, కొడుకుతోనే ఉంటావా?" అని వి.ఆర్.ఓ. అడిగాడు.

"అవును సార్. ఇంకేడుంటాను, నా బిడ్డ కాడే."

"పొయ్యి ఒకటేనా, వేరా?"

సువార్తమ్మ కొడుకు వైపు చూసింది. వాడు ఫోనులోంచి తల ఎత్తలేదు.

"ఒకటే అయితే మీవాడి జీతం నీ లెక్కలోకి వస్తాదమ్మా, సాయం రాదు. వేరైతే వేరని చెప్పు, రాసుకుంటా. దాంట్లో తప్పేముండాది?"

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"నేనేం చెప్పేది సార్. అన్న ఉండాడు గదా. మా ఇంట్లో అన్నకి తెలియంది ఏముండాది? అన్న ఎట్ట చెప్తే అట్టే."

వి.ఆర్.ఓ. నా వైపు తిరిగాడు. "ఏం హవల్దారు గారూ?"

"ఒకటే పొయ్యి సార్," అన్నాను.

"ఖాయమేనా?"

"ఎదురింట్లో ఉండేవాణ్ణి. నాకు తెలవదా?"

అంతే. ఇంత చిన్న మాట.

ఎందుకన్నాను? ఆమె కష్టం నాకు కనపడలేదా? కనపడింది. గంప నాకు చెయ్యి చాస్తే అందే దూరంలో ఉంది. బూడిద వాసన వస్తోంది. ఆమె తన నోటితో చెప్పలేనిది నన్ను చెప్పమని అడుగుతోందని తెలుసు. అయితే ఆ వి.ఆర్.ఓ. నా వైపు తిరిగిన క్షణంలో, అదే వీధి, అదే జనం, అదే ప్రశ్న. నాకు దేవదానం నవ్వు వినపడింది. నా నోట్లోంచి ఆ మాట బయటకు వెళుతుంటే తియ్యగా అనిపించింది. ఇది దాచి లాభం లేదు. చాలా తియ్యగా అనిపించింది. నీ మాటే నీ ఇంటికి తిరిగొచ్చింది చూసుకో దేవదానం, అనుకున్నాను. చచ్చినవాడితో పోట్లాట. బతికున్న మనిషి ఎదురుగా నిలబడి ఉంది.

తర్వాత చాలాకాలం నాకు నేను చెప్పుకున్న సాకు ఒకటుంది. ఆమే ముందు 'నా బిడ్డ కాడే' అంది కదా, నేను ఆమె మాటనే బలపరిచాను కదా అని. నేను అర్జీలు రాసీ రాసీ వాదించడంలో పండినవాణ్ణి. ఎంత గట్టిగా వాదించినా ఈ ఒక్క కేసు గెలవలేకపోయాను.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. తిడితే సమాధానం కూడా సిద్ధం చేసుకున్నాను. చేతిలో గిన్నె ఉంది. మెత్తళ్ళ వేపుడు.

"నా బిడ్డ పరువు నిలబెట్టినావన్నా," అంది. "ఇంకెవురైనా అయితే నలుగురి ముందర గంప ఎత్తుండేవాళ్ళు. నా మనసు నీకు తెలిసింది. పోతే పోయింది లే, ఆ దుడ్లు."

నేను గిన్నె తీసుకున్నాను. కాదమ్మా అనలేదు. అవునమ్మా అని కూడా అనలేదు. రాత్రి అన్నంలో తిన్నాను. ఆ పొయ్యి మీద చేసిందే, పొగ వాసన. బాగుంది. రెండోసారి వడ్డించుకున్నాను.

అబద్ధం కన్నా నాకు ఆ గిన్నె బరువైంది. నాకు జరిగిన అవమానాలను మోయడం నాకు అలవాటే, అవి నన్ను నిటారుగా ఉంచుతాయి. చెయ్యని మంచికి వచ్చిన దణ్ణాన్ని ఎలా మోయాలో ఎవరూ నేర్పలేదు.

సాయం రాలేదు. ఆమె రొయ్యలు వలిచే షెడ్డులో చేరింది. ఆ వయసులో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పొద్దంతా నిలబడటం. ముందు వేళ్ళ కొసలు తెల్లబడ్డాయి. తర్వాత పగిలాయి. తర్వాత గోళ్ళ చుట్టూ పుళ్ళు పడ్డాయి. చర్చిలో పాటలకు అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె మణికట్లు మాత్రం తాకించేది. నేను మగవాళ్ళ వరసలో కూర్చుని ఆ మణికట్లు చూసేవాణ్ణి. చూడకుండా ఉండొచ్చు కదా? కళ్ళు అటే వెళ్ళేవి. "అన్న మాకు పెద్ద దిక్కు," అని ఆమె అందరితో అనేది. వాళ్ళ మనవడికి పేరు పెట్టే ప్రార్థనలో నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. కూర్చున్నాను.

అప్పుడే వెళ్ళి నా మాట మార్చుకోవచ్చు. నాకు ఆఫీసులు కొత్త కాదు, దారి తెలుసు. వెళ్ళలేదు. వెళితే 'మరి అప్పుడు ఎందుకట్లా చెప్పావు' అంటారు. ఆ ప్రశ్నకు భయపడి ఏళ్ళు గడిపాను. సరిహద్దులో తుపాకీ పట్టుకుని నిలబడ్డ మనిషిని, ఒక ప్రశ్నకు భయపడ్డాను.

పోయిన వానాకాలం ఆమె షెడ్డులో తడి నేల మీద జారి తుంటికి దెబ్బ తగిలించుకుంది. షెడ్డువాళ్ళు ఇక రావద్దన్నారు. మంచం మీద పడుకునే పొయ్యి వైపు చూస్తూ ఉండేది. లేచి వెలిగించే ఓపిక లేదు. అది చూశాక నేను మా ఊరి సచివాలయానికి వెళ్ళాను. నాకు బాగా వచ్చిన పని ఒకటే, ఫిర్యాదు. ఆ పని చేశాను. కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చున్నాను. మళ్ళీ విచారణ పెట్టేదాకా లేవనన్నాను, రోజూ వెళ్ళాను. చివరికి విచారణకు ఒక అమ్మాయిని పంపారు.

ఈసారి ఎవరూ నన్ను అడగకముందే నేను పంచలోకి నడిచాను. గంప ఎత్తి అవతల పడేశాను. పొయ్యి, బూడిద, అడుగున సగం కాలిన కట్టె. వీధి మొత్తం చూసింది.

"రెండు పొయ్యిలమ్మా. రాసుకో," అన్నాను.

ఆ అమ్మాయి పాత కాగితాలు తిరగేసింది. "పోయినసారి ఒకటే అని చెప్పింది మీరేనంట గదా తాతా?"

ఇదిగో, ఇక్కడ. ఇన్నేళ్ళు భయపడిన ప్రశ్న. దానికి జవాబు నా దగ్గర ఉంది, నిజమైన జవాబు. కానీ నేనేమన్నాను?

"అప్పుడు ఒకటే. తర్వాత వేరుపడినారు."

నిజం చెప్పడానికి వెళ్ళి దానికి ఒక అబద్ధం అతికించి వచ్చాను. అందుకని ఆ ఏళ్ళన్నిటి సాయమూ పోయినట్టే, దాని గురించి ఎవరూ మళ్ళీ అడగరు. నా పేరు చెడలేదు. ప్రభాకర్ పేరు చెడింది. పెళ్ళాం మాట విని తల్లిని ఈమధ్యే వేరు పెట్టాడని ఊరు అనుకుంది. వాడు ఇంటికీ పంచకూ మధ్య తలుపుకు అవతలి నుంచి గొళ్ళెం వేసుకున్నాడు.

సాయం మంజూరైంది. ఇప్పుడు నెలనెలా వస్తోంది. వచ్చిన మొదటి నెల ఆమె కర్ర పట్టుకుని మా గేటు దాకా వచ్చింది. లోపలికి రాలేదు.

"అప్పుడు కప్పినవాడివి ఇప్పుడు ఎందుకు ఎత్తినావన్నా?" అంది. "నేనడిగినానా నిన్ను? మంచం మీదే పోయినా బాగుండు. నా బిడ్డని బజార్లో నిలబెట్టినావు. వాడు నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో తెలుసునా నీకు?"

"నీ మంచికేనమ్మా," అన్నాను.

"అప్పుడు చేసినావు చూడు, అదీ మంచి," అని వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి మాట లేదు. చర్చిలో నేను కనపడితే ముసుగు ముందుకు లాక్కుంటుంది. గంప ఎత్తినందుకు నాకు విచారం లేదు. రేపు మళ్ళీ ఎత్తమన్నా ఎత్తుతాను. ఆమె ఇప్పుడు మందులు కొనుక్కుంటోంది, వేళ్ళ పుళ్ళు మానాయి. కోడలి ముందు, కొడుకు ముందు చెయ్యి చాచక్కర్లేదు. అది నేను చేసిన మంచే. ఆమె ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా.

ఆమె నా మీద కోపం పెట్టుకోవాల్సిందే. అయితే పెట్టుకోవలసిన రోజు అది కాదు. నేను ఆమెను ముంచిన రోజును గుండెల్లో దాచుకుంది. వెళ్ళి ఆ రోజు సంగతి చెప్పేస్తే? చెబితే, ఈ లోకంలో తన మనసు తెలిసినవాడు ఒకడున్నాడని ఆమె అనుకున్న ఒక్క సాయంత్రం కూడా పోతుంది. కొడుకు తలుపు వేసుకున్నాక ఆమెకు మిగిలింది అదొక్కటే. అందుకని చెప్పడం లేదు. లేదా, ఇది కూడా నేను పేర్చుకున్న ఇంకో సాకేనా? కావచ్చు. నన్ను నేను అంత దూరం నమ్మను.

మీకు మాత్రం సూటిగా చెబుతున్నాను. రెండు పొయ్యిలని ఆ రోజు నాకు తెలుసు. ఒకటే అన్నాను. ఆమె పరువు కోసం కాదు, వాళ్ళ కొడుకు పరువు కోసం కాదు. చచ్చిపోయిన ఒక మనిషి ఒకసారి నవ్వినందుకు. ఆ నవ్వుకు శిక్ష ఆయన భార్య చేతులతో ఐసులో అనుభవించింది. నేను చూస్తూ కూర్చున్నాను, ముందు కుర్చీలో.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ పని మీది కాదు. ఎవరిదో వాళ్ళను అడిగే ధైర్యం నాకు లేదు. కానీ ఇది ఇప్పటిదాకా నా ఒక్కడికే తెలిసిన సంగతి. ఇప్పుడు కాదు. ఈ పూట నాకు ఇది చాలు.